ఉమారాణి కమిలిన చెంపలు

ఉమారాణి ఎవరి మాటనూ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. పాలవాడు పాలు పోస్తే గిన్నె వంచి చూస్తుంది. బస్సుకు ఆదోని బోర్డు ఉన్నా ఎక్కేముందు కండక్టర్‌ను అడుగుతుంది, ఎక్కి కూర్చున్నాక పక్క సీటు వాళ్ళనూ అడుగుతుంది. ఎమ్మిగనూరులో ఆమె పనిచేసే చీరల దుకాణం వాళ్ళకు ఈ గుణమే కావాలి. నేతగాళ్ళు తెచ్చిన చీరను కిటికీ వెలుతురులో మడత మడతా విప్పి, ఎక్కడ పోగు జారిందో ఎక్కడ మరక పడిందో పట్టుకోవడం ఆమె పని. భర్త జగదీష్ కూడా మగ్గం నేస్తాడు. అతని చీరలనైతే ఇంకోసారి ఎక్కువ తిప్పి చూస్తుందని వీధిలో చెప్పుకుంటారు.

నేను వాళ్ళ ఎదురింట్లో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాను. మాది కోడుమూరు. ఇక్కడ బడిలో లెక్కలు చెబుతాను. కిందటేడు ఆ ఇంట్లో జరిగిన దాంట్లో నా చెయ్యి కూడా ఉంది. అందుకే ఇదంతా నేనే చెప్పాలనుకున్నాను.

ఉమారాణికి ముప్పై ఏడేళ్ళు. రెండు చెంపల మీదా మొటిమలు వదిలిపోయిన గుంతలు. దగ్గరగా చూస్తే కొన్ని సూదితో పొడిచినంత సన్నంగా, కొన్ని వెడల్పుగా పల్లంగా ఉండేవి. అవి వట్టి మొటిమల వల్ల వచ్చినవి కావు. పెళ్ళికి ముందు, పంతొమ్మిదేళ్ళప్పుడు, మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తెల్లగా నున్నగా అయింది. పెళ్ళి ఫొటోల్లో చూస్తే ఎవరో అనుకుంటాం. పెళ్ళయిన మూడో నెలలో ట్యూబు ఆపేసింది. ముఖమంతా ఎర్రగా మండి, చీముతో మొటిమలు తేలాయి. జబ్బు దాచి పెళ్ళి చేశారని అత్త అనుమానించింది. జగదీష్ మాత్రం ఏమీ అడగలేదు. అతను అడగకపోవడాన్ని కూడా ఉమారాణి చాలా ఏళ్ళు అనుమానంగానే చూసింది.

కిందటేడు ఉగాది దాటాక, ఇంటర్ చదివే కూతురు జ్యోత్స్న పుస్తకాల సంచిలో ఆమెకు ఒక ట్యూబు దొరికింది. పేరు వేరు. మూత తీసి వాసన చూసింది. అదే వాసన.

"యాడిది ఇది?"

"స్నేహితురాలిచ్చిందిమా. అందరూ పూసుకుంటాండారు."

"ఎన్ని దినాలయింది?"

"వారం."

ఉమారాణి అరవలేదు. ట్యూబును కొంగుకు ముడివేసుకుని, మరుసటి ఆదివారం కూతురిని తీసుకుని ఆదోని బస్సెక్కింది.

ఆదోనిలో ముందు కనిపించింది ఒక మిద్దె మీది స్కిన్ సెంటర్. మెట్ల పొడవునా నవ్వే ముఖాల ఫొటోలు. లోపల తెల్లకోటు వేసుకున్న ఒకాయన జ్యోత్స్నను వదిలేసి తల్లి ముఖం వైపే చూశాడు. ఆరు సిట్టింగుల లేజరు చేస్తే ముఖం అద్దంలా అయిపోతుందన్నాడు. ప్యాకేజీ ఈ రోజే కట్టాలన్నాడు. ఒక ఆల్బం ముందు పెట్టాడు. ఒక పేజీలో గుంతలున్న ఆడమనిషి, పక్క పేజీలో నున్నటి ఆడమనిషి.

ఉమారాణి ఆల్బం కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. కాసేపు చూసి అంది. "ఈమెకు చెవికి రెండు కుట్లుండాయి. ఈమెకు ఒకటే. కుట్టు కూడా లేజరుతో పూడుస్తారా సార్?"

ఆయన నవ్వేశాడు. గోడ మీది పటం చూపించి తన అర్హత అక్కడుందన్నాడు. ఇంగ్లీషులో ఉంది. ఉమారాణి జ్యోత్స్నను చదవమంది. జ్యోత్స్న మునివేళ్ళ మీద లేచి చదివి, తల్లి చెవిలో చెప్పింది. "మూడు రోజుల ట్రైనింగంటమా."

"నీళ్ళు తాగొస్తాం సార్," అని ఉమారాణి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కలేదు.

ఆ పక్క వీధిలో మందుల షాపు ముందు నిలబడిన ముగ్గురిని అడిగి, ముగ్గురూ ఒకే పేరు చెప్పాక, డాక్టర్ కన్యక దగ్గరకు పోయింది. కన్యక ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే వాళ్ళింటి ఆడపడుచు, చర్మవ్యాధుల డాక్టరు. యాభై దాటింది. ఉమారాణి కూర్చోకముందే అడిగింది. "మీరు యాడ సదివినారమ్మా? నంబరేమన్నా ఉంటాదంట గదా డాక్టర్లకు?"

డాక్టర్ నొచ్చుకోలేదు. చీటీ మీద అచ్చయిన రిజిస్ట్రేషన్ నంబరు కింద గీత గీసి జ్యోత్స్న చేతికిచ్చింది. "ఫోన్లో మెడికల్ కౌన్సిల్ పేజీ తెరిచి చూడమ్మా. మా అందరివీ అందులో ఉంటాయి." జ్యోత్స్న చూసింది. పేరు, చదువు, ఏడాది అన్నీ ఉన్నాయి. ఉమారాణి అప్పుడు కూర్చుంది.

డాక్టర్ ఆ ట్యూబును చూసి, అందులో స్టెరాయిడ్ ఉందనీ, వారమే కాబట్టి ఆపేస్తే పెద్ద నష్టం ఉండదనీ చెప్పింది. జ్యోత్స్నకు వేరే మందులు రాసింది. తర్వాత తల్లిని దీపం దగ్గరకు పిలిచి, చెంపను రెండు వేళ్ళతో సాగదీసి చూసింది.

"మీకూ ఇంకా మొటిమలు వస్తున్నాయి కదా. ముందు అవి ఆగాలి. మూడు నెలలు మందు వాడండి. గుంతల సంగతి ఆ తర్వాత."

"ఇప్పుడేమీ సెయ్యరా?"

"చెయ్యను."

బయటికొచ్చాక కూతురితో అందట. "డబ్బులొద్దనే డాక్టరు యాడన్నా ఉంటాదా? ఇందులో ఏదో ఉంది." అయినా మందు వాడింది. మూడు నెలలకు కొత్త మొటిమలు ఆగిపోయాయి. అప్పుడు మళ్ళీ పోయింది.

ఈసారి డాక్టర్ అద్దం ఇచ్చి ఒక్కో గుంతను పుల్లతో చూపించింది. వెడల్పు గుంతలను చర్మం కిందున్న గట్టి నారలు లోపలికి లాగి పట్టుకుంటాయి. మత్తిచ్చి, సూది లోపలికి పోనిచ్చి ఆ నారలను తెంపితే చర్మం మెల్లగా పైకి లేస్తుంది. సబ్‌సిజన్ అంటారు. సన్నటి లోతు గుంతల్లో పుల్ల మొనతో ఆమ్లం చుక్క పెడతారు. పైపైన ఉన్న గరుకుకు సన్న సూదులున్న పెన్నుతో గుచ్చుతారు. లేజరూ ఉంది కానీ మన చామనచాయ చర్మానికి ఎక్కువ వాడితే నల్ల మచ్చలు పడతాయి, కాబట్టి తన మొదటి మొగ్గు దానికి కాదంది.

"అంతా పోతాయా?"

"పోవు. సగం తగ్గితే బాగా జరిగినట్టు. ఏడాది పడుతుంది."

ఉమారాణి నాతో తర్వాత చెప్పింది. సగం అన్న మాట దగ్గరే ఆమెకు కొంచెం నమ్మకం కుదిరింది. అయినా అడిగింది. "ఒక్క సోట సేసి సూపించండి. చెవి పక్కన, ఎవురికీ కనపడని సోట." డాక్టర్ అట్లాగే చేసింది. ఉమారాణి రెండు నెలలు ఆ చోటును రోజూ వేలితో తడిమి చూసింది. ఒక గుంత కొంచెం పైకి లేచింది. నల్ల మచ్చ పడలేదు. సరే అనుకుంది.

అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని జగదీష్ దగ్గరా జ్యోత్స్న దగ్గరా మాట తీసుకుంది. ఇంటర్ చదివే కూతుర్ని పెట్టుకుని ఈ వయసులో ముఖానికి సోకులా అని వీధి అనుకుంటుందని ఆమె భయం. వీధిలో మేమందరం అట్లా అనేవాళ్ళమే. ఆ భయం తప్పని నేను చెప్పలేను.

కార్తీక మాసం మొదట్లో, ఒక గురువారం రెండు చెంపలకూ చేయించుకుని వచ్చింది. వాపు వస్తుందనీ, చర్మం కములుతుందనీ డాక్టర్ ముందే చెప్పింది. మరుసటి రోజుకు చెంపలు రెండూ ఊదారంగుకు తిరిగాయి. ఆ కమిలిన రంగు కళ్ళ కిందికి పాకింది.

శనివారం పొద్దున వాకిట్లో చూశాను. కొంగు ముఖం మీదికి లాక్కుంది. "ఏమైంది ఉమా?" అన్నాను. "స్నానాల గదిలో జారి పడినా మేడం," అని లోపలికి పోయింది. జారి పడితే ఒక పక్కే కదా తగలాలి అనుకున్నాను. మధ్యాహ్నం పక్కింటి సావిత్రమ్మ వచ్చింది. తలుపు రెక్క కొట్టుకుందని ఆమెతో చెప్పిందట.

ఒక మనిషికి జారి పడటం, ఇంకో మనిషికి తలుపు రెక్క. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"ఆయప్ప ఎప్పుడూ నోరిప్పడు. అట్లాంటోళ్ళే లోపల లోపల సేస్తారు మేడం," అంది సావిత్రమ్మ.

ఆ తర్వాత నాకు ప్రతిదీ దానికి సాక్ష్యంగానే కనిపించింది. రెండు రోజులుగా మగ్గం చప్పుడు లేదు. జగదీష్ నీళ్ళ బిందె మోస్తూ కనిపించాడు, తల ఎత్తలేదు. అంతకుముందు సాయంత్రం ఆ ఇంట్లోంచి ఉమారాణి గొంతు పెద్దగా వినిపించింది కూడా. అతను వంట చేస్తూ పప్పు మాడబెట్టాడనీ, ఆమె కేక వేసింది దానికేననీ తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది మాత్రం కమిలిన రెండు చెంపలు. బడిలో మా పిల్లల తల్లుల ముఖాల మీద అట్లాంటివి నేను చూశాను. అప్పుడెప్పుడూ ఏమీ చేయలేదు. ఈసారి చేయాలనుకున్నాను.

ఉమారాణి అన్న తిక్కయ్యది గోనెగండ్ల. చేను చేసుకుంటాడు. అతని నంబరు నా దగ్గరుంది. ఆదివారం పొద్దున నేనే ఫోన్ చేశాను.

పదకొండు గంటలకల్లా మోటారు సైకిలు మీద వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, వాకిట్లోనే నిలబడ్డాడు. సావిత్రమ్మ వాళ్ళ గుమ్మంలో, నేను మా గుమ్మంలో.

"జగదీషప్పా, నా సెల్లెలి మొగానికి ఏమైంది?"

జగదీష్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. భార్య వైపు చూశాడు. నోరు తెరవలేదు. ఇచ్చిన మాట కోసం మాట్లాడలేదని మాకేం తెలుసు? తిక్కయ్య ముఖం గట్టిపడింది.

"నిన్నే అడుగుతాండా."

ఉమారాణి బయటికి వచ్చింది. కొంగు తీసేసింది. వీధి మొత్తం ఆ ముఖాన్ని చూసింది. "ఆయప్పను ఏమీ అనొద్దన్నా. నేను ఆదోనిలో డాక్టరమ్మ కాడ చేయించుకున్యా. మొటిమల గుంతలు లేపేదానికి లోపల సూది పెడతారు. ఇట్ల కములుతాది. పది దినాలకు పోతాది."

తిక్కయ్య దగ్గరకు వచ్చి చెల్లెలి చెంపలు పరికించాడు. "సూది పెట్టి గుంతలు లేపుతారా? ఎవురు నేర్పినారు నీకు ఇట్ల సెప్పమని?"

"నిజమన్నా."

"జారి పడినానంటివంట. తలుపు తగిలిందంటివంట. ఇప్పుడు సూదా?"

జ్యోత్స్న ఫోన్లో వీడియో తెరిచి చూపించబోయింది. "నువ్వు నీ నాయన పక్క మాట్లాడక ఏం సేస్తావులే," అన్నాడు మేనమామ. ఉమారాణి లోపలికి పోయి డాక్టర్ చీటీ తెచ్చింది. అతనికి ఇంగ్లీషు రాదు. వీధి దాటి వచ్చి నా చేతికిచ్చాడు. నొప్పి మాత్ర ఉంది. చల్లటి కాపడం పెట్టమని ఉంది. కమిలిన చోట రాయడానికి పూత ఉంది. పైన సబ్‌సిజన్ అని రాసి ఉంది.

"దెబ్బలకు రాసే మందులేనా మేడం ఇవి?"

"దెబ్బలకూ ఇవే రాస్తారు. పైన ఉన్న మాటేమిటో నాకు తెలియదు," అన్నాను. అబద్ధం చెప్పలేదు. కానీ ఉమారాణి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఎవరు ఏం చెప్పినా రెండుసార్లు తిప్పి చూసే మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పి నిలబడితే ఒక్కరూ నమ్మలేదు.

తిక్కయ్య ఆమెను గోనెగండ్లకు రమ్మన్నాడు. రానంది. "నెలకు మళ్ళా పోవల్ల డాక్టరమ్మ కాడికి. నువ్వే నా యెంట రా. నీ కండ్లతో సూడు. అంతవరకు ఈయప్ప జోలికి రావద్దు."

ఆ నెలంతా వీధి జగదీష్‌తో మాట్లాడలేదు. సావిత్రమ్మ మనవళ్ళు ఆ ఇంటి అరుగు మీద ఆడుకునేవాళ్ళు, వాళ్ళను పోనివ్వలేదు. నేనూ అతను ఎదురైతే తల తిప్పుకున్నాను. అతను పొద్దున్నే మగ్గం గుంతలోకి దిగేవాడు, చీకటి పడేవేళకు లేచేవాడు. కమిలిన రంగు పసుపు పచ్చగా మారి, పదో రోజుకు పోయింది. పోయింది కాబట్టి నిజమేనేమో అని మాలో ఎవరూ అనుకోలేదు. దెబ్బలైనా పది రోజులకు పోతాయి కదా.

చెప్పినట్టే తిక్కయ్య వచ్చాడు. ఆదోని దాకా అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చున్నా మాట్లాడుకోలేదట. క్లినిక్‌లో అతను నేరుగా డాక్టర్ గదిలోకి పోయి, ఇది జరిగేటప్పుడు నేను ఈడే నిలబడతానన్నాడు.

"రక్తం కనబడుతుంది. కళ్ళు తిరుగుతాయేమో," అంది డాక్టర్ కన్యక.

"ఈత కష్టమైతే ఆవు కడుపులో చెయ్యి పెట్టి దూడను లాగినోణ్ణి తల్లీ."

ముఖానికి మాస్కు కట్టి గోడ పక్కన నిలబెట్టారు. డాక్టర్ గుంతల చుట్టూ పెన్నుతో గుర్తులు పెట్టింది. మత్తు సూది ఇచ్చింది. తర్వాత ఇంకో సూది చెంప పక్కనుంచి చర్మం కిందికి పోనిచ్చి, అటూ ఇటూ మెల్లగా కదిలించింది. లోపల ఏదో పటుక్కుమంది. ఇంకోసారి పటుక్కుమంది. మూడోసారికి తిక్కయ్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నర్సు నీళ్ళిచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ లేచి నిలబడ్డాడు. చెంప అతని కళ్ళ ముందే ఉబ్బింది, ఎర్రబడింది, అంచుల్లో నీలం తేలింది.

పని అయ్యాక, ఉమారాణి మంచుగడ్డ సంచి పట్టుకుని బయట కూర్చున్నప్పుడు, అతను డాక్టర్‌ను అడిగాడు. "తల్లీ, ఒక మాట. ఇట్ల కమిలినదానికీ మొగుడు కొట్టినదానికీ తేడా మీరు సెప్పగలరా?"

డాక్టర్ చేతులు తుడుచుకోవడం ఆపింది. "చెప్పగలను. ముఖం మీద పనిచేసేటప్పుడు నేను మెడ, చేతులు కూడా చూస్తాను. ఎవరైనా దెబ్బలు దాచుకోవడానికి వచ్చారేమోనని. మీ చెల్లెలిని మొదటిరోజే చూశాను. ఇంట్లో ఎట్లా ఉందని విడిగా అడిగాను కూడా. అట్లాంటిదేమీ లేదు."

"మీరూ అనుమానపడినారా?"

"పడాలి కదా."

బస్సులో తిక్కయ్య కిటికీ వైపు కూర్చుని చెల్లెలికి ఎండ తగలకుండా తలపాగా గుడ్డను కిటికీకి అడ్డం పట్టుకున్నాడు. ఎండ పడితే మచ్చలవుతాయని డాక్టర్ చెప్పిన మాట అతనికి బాగా ఎక్కింది. ఎమ్మిగనూరులో దిగాక గోనెగండ్ల పోతానన్న మనిషి, చెల్లెలి వెంటే ఇంటికి వచ్చాడు. జగదీష్ మగ్గం మీద ఉన్నాడు. తిక్కయ్య గుంత పక్కన కింద కూర్చున్నాడు. కొంతసేపు నేత చూశాడు.

"ఆకలైతాంది జగదీషప్పా. అన్నముందా?"

జగదీష్ పోగు నడిపే నాడె పక్కన పెట్టాడు. "ఉంది బావా. పప్పు మాత్రం నేను సేసినా."

తిన్నారు. క్షమాపణలేమీ జరగలేదని జ్యోత్స్న చెప్పింది. పోయేముందు తిక్కయ్య సావిత్రమ్మ గుమ్మం దగ్గర ఆగి, తర్వాత మా గుమ్మం దగ్గర ఆగి, తాను చూసింది చూసినట్టు చెప్పాడు. పటుక్కుమన్న చప్పుడు కూడా చేసి చూపించాడు. మా గుమ్మంలో ఇంకో మాట అన్నాడు. "మీరు ఫోన్ సేసినందుకు నాకు కోపం లేదు మేడం. ఇంకోసారి ఇట్లాంటిది కనపడితే మళ్ళా సెయ్యండి."

నేను రెండు రోజులు ఆలోచించి, జగదీష్ మగ్గం దగ్గరకు పోయాను. తప్పుగా అనుకున్నానని చెప్పాను. అతను ఒక పోగు తెగితే ముడి వేస్తున్నాడు. వేయడం అయ్యాక అన్నాడు. "మీరు ఆయమ్మ కోసరమే గదా అనుకున్నారు. నాకు బాధ లేదనను. సావిత్రమ్మ పిల్లోళ్ళను రానీకపోవడం బాధయింది."

ఉమారాణి అంత తేలిగ్గా వదల్లేదు. వారం తర్వాత మా ఇంటికి వచ్చి కూర్చుని, కాఫీ తాగాక అంది. "ఫోన్ సేసింది తప్పని నేననను మేడం. నేను అబద్ధం సెప్తి, మీరు నమ్మకపోతిరి. సరే. కానీ నన్ను లోపలికి పిలిచి ఇంకొక్కసారి అడిగింటే సెప్పేదాన్నేమో." సెప్పేదాన్నే అని మాత్రం అనలేదు. నేనూ రెట్టించలేదు. ఈ కథలో ఆదోని సంగతులు కొన్ని తిక్కయ్య చెప్పినవి, మిగతావన్నీ ఆ రోజు నుంచి కొంచెం కొంచెంగా ఆమె నాకు చెప్పినవే.

చికిత్స ఇంకా నడిచింది. మరో రెండుసార్లు సబ్‌సిజన్, మూడుసార్లు ఆమ్లం చుక్కలు, తర్వాత సూదుల పెన్ను. కొంగు కప్పుకోకుండానే కమిలిన ముఖంతో దుకాణానికి పోయేది. ఎవరైనా అడిగితే ఉన్నది చెప్పేది. ఒకసారి ఆమ్లం పెట్టినచోట నల్లగా అయితే, డాక్టర్ మోసం చేసిందని నాలుగు రోజులు నిద్రపోలేదు. పూత వాడాక రెండు నెలలకు అది పోయింది. జ్యోత్స్నకు మొటిమలు తగ్గాయి, గుంతలు పడలేదు. ట్యూబు ఇచ్చిన స్నేహితురాలిని కూడా ఉమారాణి ఒకరోజు ఆదోనికి తీసుకుపోయింది. అంతకుముందు ఆ పిల్ల తల్లితో గంటసేపు వాదించాల్సి వచ్చింది.

మొన్న డాక్టర్ కన్యక మొదటి ఫొటోలు, ఇప్పటి ఫొటోలు కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూపించిందట. సగానికి కొంచెం ఎక్కువే తగ్గినట్టు కనిపించింది. ఉమారాణి వాటిని ఒప్పుకోలేదు. అప్పటి దీపం వేరే, ఇప్పటి దీపం వేరే అంది. డాక్టర్ నవ్వి, పాత దీపం తెప్పించి, తలను అదే పక్కకు తిప్పించి మళ్ళీ తీసింది. అప్పుడు కూడా తేడా అంతే ఉంది. ఎడమ చెంపలో వెడల్పు గుంతలు దాదాపు పూడాయి. కుడి చెంపలో రెండు లోతువి అట్లాగే ఉన్నాయి.

"తృప్తేనా ఉమా?" అని నేనడిగాను.

మా వరండాలో వెలుతురు వైపు తిరిగి కూర్చుని ఉంది. సాయంత్రం ఎండ ఆ చెంప మీద పడుతోంది.

"ఎడమ దిక్కు నమ్ముతా మేడం," అంది. "కుడి దిక్కు ఇంకా కొన్నాళ్ళు సూడల్ల."